బొమ్మలకూ పుస్తకం పేజీలకూ టాబ్లెట్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (మైలాపూరు, చెన్నై)
నేను పిల్లల కథలకు బొమ్మలు వేస్తాను. ఆ పుస్తకాల పేజీలు కూర్చి ప్రెస్సుకు పంపే పని కూడా నాదే. పాత ల్యాప్‌టాప్ మూలపడినందున, దాని స్థానంలో పెన్నుతో గీయగల టాబ్లెట్ కొని అన్ని పనులూ దానితోనే నడుపుకోవచ్చునా అని ఆలోచిస్తున్నాను. అది సినిమాలు చూసుకోవడానికే తప్ప పనికి కాదని మా ఇంట్లోవారి అభిప్రాయం. వృత్తిలో వాడుతున్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు 1 (ఇందిరానగర్, బెంగళూరు)
బొమ్మల విషయంలో సందేహం అక్కరలేదండి. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఐప్యాడ్‌పై గీసిన చిత్రాలు 2012లోనే లండన్ రాయల్ అకాడమీ గోడలకెక్కాయి. యాపిల్ పెన్సిల్ వచ్చింది ఆ తరువాత, 2015లో. అయితే మీది అచ్చు పని. ఏ4 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) గీయాలంటే కాన్వాసు 2480×3508 పిక్సెళ్లు ఉండాలి, రెండు పేజీల బొమ్మకు అంతకు రెట్టింపు. ఐప్యాడ్‌లో బొమ్మలు గీసే ప్రోక్రియేట్ యాప్‌లో కాన్వాసు పెరిగేకొద్దీ దొరికే లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచి గీసే పొరలు) తగ్గుతాయి, ఆ పరిమితి ర్యామ్‌ను బట్టి ఉంటుంది కనుక, అన్నిటికన్నా చవకైన మోడల్ జోలికి వెళ్లకండి. ఆ యాప్‌కు నెలనెలా చందా లేకపోవడం మనబోటి వారికి పెద్ద ఊరట.

జవాబు 2 (వడపళని, చెన్నై)
చిక్కంతా పేజీల దగ్గరే ఉంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఐప్యాడ్‌కు గానీ ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు గానీ లేదు. పైగా తెలుగు డీటీపీలో నేటికీ వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్ (ఏ పరికరంలోనైనా అవే అక్షరాలుగా చదవగల సంకేత పద్ధతి) కావు; రచయిత ఆ ఫాంట్లలో పంపిన ఫైలును టాబ్లెట్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ విండోస్ కంప్యూటర్ చూసుకోండి.

జవాబు 3 (బెంగళూరు)
పై మిత్రునితో కొంత విభేదిస్తున్నాను. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇస్తే, దాన్ని ఏ యంత్రంపై తయారుచేశామన్నది ప్రెస్సువారికి అనవసరం. రచయితలు యూనికోడ్‌లో పంపుతున్నట్లయితే టాబ్లెట్‌పైనే ప్రయత్నించవచ్చు. కాకపోతే కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి కాబట్టి, డబ్బు కట్టేముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటలున్న ఒక పేరా అతికించి చూడండి. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ శ్రేణిని కూడా పరిశీలించండి. దాని పెన్నుతో గీయడానికి చార్జింగ్ అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. నాకు వచ్చే కథల్లో ఎక్కువ భాగం అనులోనే ఉంటాయి. అందువల్ల బొమ్మలకు టాబ్లెట్, పేజీలకు పాత విండోస్ పెట్టె అని నిశ్చయించుకున్నాను. ఇక ఇంట్లోవారిని రెండు ఖర్చులకు ఒప్పించాలి.