షాకబ్జార్బర్లు నాలుగూ మార్చేయమంటున్నారు, నిజంగా అవసరమా?

గోకవరం మాస్టారు:

అందరికీ నమస్కారమండి. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మొన్న ఆదివారానికి మీటరు 84,300 దాటింది. ఉండేది రాజమండ్రి, ఉద్యోగం గోకవరం దగ్గర బడిలో. కోరుకొండ మీదుగా రోజూ రానూపోనూ అరవై కిలోమీటర్ల పైమాటే. దారిలో ఊరికో మూడు స్పీడ్ బ్రేకర్లు, వాటిలో సగానికి తెల్ల గీత కూడా ఉండదు.

నెల రోజులుగా ముందు ఎడమ పక్క టకటకమని చప్పుడు. చిత్రం ఏంటంటే పెద్ద స్పీడ్ బ్రేకర్ నిదానంగా ఎక్కిస్తే రాదు. కంకర తేలిన రోడ్డు మీద ఇరవై స్పీడులో పోతుంటే మాత్రం ఆగకుండా వస్తుంది. ఇంకో సంగతి, వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ "పడవెక్కినట్టుందిరా" అంటోంది. పాపికొండలకి లాంచీల్లో తిరిగిన మనిషి, ఆ పోలిక ఊరికే అనదు.

సర్వీస్ సెంటర్‌లో ఒక అబ్బాయి బానెట్ మూల రెండుసార్లు నొక్కి, "80,000 దాటింది కదా సార్, నాలుగూ పోయాయి" అన్నాడు. మౌంట్లు (షాక్‌ని బాడీకి బిగించే రబ్బరు దిమ్మలు), కూలి కలిపి 19,400 ఎస్టిమేట్ రాశాడు. బండి లేపి కింద చూశావా బాబూ అంటే నవ్వాడు. ఇంటి దగ్గర మెకానిక్ ఏమో, పాతవాటికే ఆయిల్ నింపి రీకండిషన్ చేసి 4,000కి ఇస్తానంటున్నాడు. ఇంతకీ ఇవి మార్చే టైమ్ వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? కిలోమీటర్లు చూసా, చప్పుడు చూసా?

కాకినాడ కారు పిచ్చి:

మాస్టారూ, ఆలోచించకుండా మార్చేయండి. ఇవీ బ్రేకుల్లాంటివే, వీటి దగ్గర పొదుపు పనికిరాదు. నేను 70,000కే నాలుగూ మార్పించా. బండి కొత్తదానిలా అయింది, టెన్షన్ పోయింది.

ఆటోనగర్ బాబాయ్:

తమ్ముడూ, నీ డబ్బు నీ ఇష్టం. మాస్టారి చేత మాత్రం తొందరపడి ఖర్చు పెట్టించకు.

మాస్టారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు కార్ల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. మోకాళ్లు అరిగాక మానేశా. మీరు చెప్పినదాంట్లో రెండు రోగాలున్నాయి. రెంటినీ కలిపి ఒకే మందు రాసేశాడు ఆ అబ్బాయి.

ముందు చప్పుడు సంగతి. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద టకటకమని, పెద్ద స్పీడ్ బ్రేకర్ నిదానంగా ఎక్కితే నోరు మూసుకుందంటే, నేనైతే ముందు లింక్ రాడ్ మీదే చెయ్యి పెడతా. ఎడమ, కుడి చక్రాలని కలిపే అడ్డ కడ్డీ చివర ఉండే చిన్న రాడ్డు అది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి దాని మీద లాగుడు ఉండదు. కంకర మీద ఒక చక్రం లేస్తుంది, ఒకటి దిగుతుంది, అప్పుడు ఆ రాడ్డు చివర అరిగిన బాల్ జాయింట్ కొట్టుకుంటుంది. ఇది వందల్లో పోయే పని. దాన్ని వదిలేసి స్ట్రట్ (స్ప్రింగుతో కలిసి ఉండే ముందు షాక్) మార్చి, చప్పుడు తగ్గలేదని మళ్లీ వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో. లింక్ రాడ్ బాగుంటే ఆ తర్వాత లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్‌కి ఉండే రబ్బరు), స్ట్రట్ మౌంట్ చూడాలి.

ఇక మీ అమ్మగారి పడవ. ఆవిడ చెప్పిందే అసలు లక్షణం. షాకబ్జార్బర్ బరువు మొయ్యదండి, మోసేది స్ప్రింగు. గుంతలో నొక్కుకున్న స్ప్రింగు తిరిగి పైకి తంతుంది, వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపడమే షాక్ పని. లోపలి ఆయిల్ సన్నటి కంతల్లోంచి దూరి వెళ్లాల్సి రావడంతో ఆ ఊపంతా వేడిగా మారిపోతుంది. షాక్ అరిగితే బండి ఒక ఎత్తు దిగాక రెండుమూడు సార్లు ఊగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంగుతుంది. గతుకుల్లో టైరు రోడ్డుని వదిలి ఎగురుతుంది కాబట్టి బండి ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుంది. కాకినాడ తమ్ముడు బ్రేకులతో పోల్చింది ఇక్కడ మాత్రం ఒప్పుకుంటా. డిక్కీ ఖాళీగా ఉన్నా వెనక కుంగి కనిపిస్తే మాత్రం అది స్ప్రింగు తప్పు.

మూల నొక్కి చూడటం తప్పని అనను. నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. కానీ పూర్తిగా చచ్చిన షాక్‌నే అది పట్టిస్తుంది. సగం అరిగింది కూడా ఆ పరీక్ష పాసైపోతుంది. నా పద్ధతి వేరు. గతుకుల రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు నడిపి, ఆపిన వెంటనే వెనక చక్రాల లోపలి వైపు షాక్ గొట్టాన్ని ముట్టుకుని చూడండి. పని చేసేది వెచ్చగా ఉంటుంది. జతలో ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉందంటే ఆ చల్లనిది జీతం తీసుకుని పని చెయ్యట్లేదని అర్థం. సైలెన్సర్‌కీ బ్రేక్ డ్రమ్ముకీ చెయ్యి తగలనివ్వకండి, కాలుతుంది.

తర్వాత రాంప్ ఎక్కించి కింద నుంచి చూడండి. గొట్టం పై భాగంలో పలచగా తడి, దాని మీద దుమ్ము ఉంటే కంగారు పడొద్దు, ఆ మాత్రం చెమ్మ మామూలే. ఆయిల్ ధార కట్టి కింది బోల్టు దాకా దిగిందంటే దాని పని అయిపోయినట్టే. పైనున్న రబ్బరు తొడుగు చినిగిందా చూడండి. అది చినిగితే ఇసుక వెళ్లి మెరిసే రాడ్డుని గీస్తుంది, ఆ గీతలు సీలుని కోస్తాయి, ఆయిల్ కారడం అక్కడే మొదలు. టైరు మీద అరచేత్తో నిమరండి. అక్కడక్కడా గిన్నెల్లా గుంతలు పడి అరిగితే షాక్ మీద అనుమానం గట్టిపడుతుంది.

80,000 అంటే పరీక్ష చేయించుకోవాల్సిన లెక్క, పారేయాల్సిన లెక్క కాదు. హైవే మీదే తిరిగిన బండ్లకి 1,20,000 దాటినా బాగున్నవి చూశా. నెలనెలా ఊరి నుంచి బియ్యం బస్తాలు మోసుకొచ్చే బండ్లలో 50,000కే పోయినవీ చూశా. మార్చేటప్పుడు మాత్రం ముందు రెండూ గానీ, వెనక రెండూ గానీ జతగా మార్చాలి. ఒక్కటే మారిస్తే బండి రెండు పక్కలా రెండు రకాలుగా నడుస్తుంది.

రీకండిషన్ జోలికి వెళ్లొద్దు. గ్యాస్ షాక్‌ని కోసి ఆయిల్ పోసి వెల్డింగ్ చేస్తారు, గ్యాస్ తిరిగి నింపే సాధనం ఆ కొట్లలో ఉండదు. గ్యాస్ లేకపోతే ఆయిల్ నురగ కడుతుంది. నాలుగు నెలలకి మళ్లీ పడవే.

మిషిగన్‌లో మనవాడు:

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మాట కలుపుతా. ముందు స్ట్రట్‌లు మార్చాల్సి వస్తే మౌంటు, బేరింగు, బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు) కూడా అప్పుడే మార్పించండి, మళ్లీ అంతా విప్పితే కూలి రెండోసారి పడుతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి. ఇక్కడ స్ప్రింగుతో సహా బిగించి ఉన్న స్ట్రట్ దొరుకుతుంది కాబట్టి నా గరాజ్‌లో నేనే మార్చుకున్నా. విడి స్ట్రట్ అయితే ఇంట్లో ప్రయత్నించకండి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది.

గోకవరం మాస్టారు:

బాబాయ్ గారూ, శనివారం మీరు చెప్పినట్టే చేశానండి. కోరుకొండ దాకా వెళ్లొచ్చి ముట్టుకుని చూస్తే వెనక ఎడమది వెచ్చగా, కుడిది చల్లగా ఉంది. నేను పొరబడ్డానేమో అని మా అమ్మాయి చేత కూడా ముట్టించా. ఫిజిక్స్ ప్రాక్టికల్ అంటూ నవ్వింది గానీ అదే మాట చెప్పింది. రాంప్ ఎక్కిస్తే కుడి పక్క ఆయిల్ కింది బోల్టు దాకా ఉంది, తొడుగు పేలికలైపోయింది. ముందు రెండూ పొడిగా ఉన్నాయి. ఎడమ లింక్ రాడ్ చేత్తో కదిపితేనే లటలటలాడింది.

వెనక షాక్‌లు జత, లింక్ రాడ్‌లు రెండు, కూలితో కలిపి 6,150 అయింది. టకటక పోయింది. నిన్న అమ్మని ఎక్కించుకుని తొర్రేడు దాకా వెళ్లొచ్చాం, దారిలో నిద్రపోయింది. కానీ వెనక కుడి పక్క నుంచి అరవై దాటితే గూంయ్ మని మోత వస్తూనే ఉంది. షాక్ సరిగ్గా బిగించలేదంటారా?

ఆటోనగర్ బాబాయ్:

ఆ టైరు మీద చెయ్యి వేసి చూశారా? చచ్చిన షాక్‌తో అన్నాళ్లు తిరిగింది, గిన్నెలు పడి ఉంటుంది. ఒకసారి అలా అరిగాక షాక్ మార్చినా మోత పోదు. స్టెప్నీ మంచిదైతే ఆ స్థానంలో బిగించి నడిపి చూడండి. మోత ఆగితే టైరుదే తప్పు, ఆగకపోతే వీల్ బేరింగ్ చూపించండి.

గోకవరం మాస్టారు:

స్టెప్నీ వేశానండి. మోత ఆగింది.