ఆల్చిప్ప పిల్ల ఎక్కడ అతుక్కోవాలో ఎట్టా తెలుసుకుంటది?

ఉప్పుటేరు కుర్రోడు:
మాది కృష్ణపట్నం పక్కన. ఏటి మీద వంతెన స్తంభాలకి పోటు నీళ్ళు తగిలే మేరంతా ఆల్చిప్పలే, చిప్ప మీద చిప్ప, దాని పక్కనే కొత్తగా పాతిన కర్రకి మాత్రం ఒక్కటీ లేదు. ఏట్లో ఖాళీ చిప్పల్ని తాడుకి గుచ్చి దండలు కట్టి, వాటి మీద ఆల్చిప్పలు పెంచుదామని ఉంది. ఈ పిల్లలు చోటు ఎట్టా ఎంచుకుంటాయన్నా?

హేచరీ మనిషి, కావలి:
తమ్ముడూ, గుడ్డు కలిసిన ఒక రోజుకే ఇంగ్లీషు డి ఆకారంలో చిప్ప వస్తది, ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆల్గే (కంటికి కనపడని సన్నటి నాచు) తింటా నీళ్ళలో ఈదతా ఉంటది. అతుక్కునే టైముకి నల్లటి కంటిచుక్క, ఒక కాలు వస్తాయి. సైజు మిల్లీమీటర్లో మూడో వంతు, అంతే. మైక్రోస్కోప్ కింద చూడాలబ్బా, కాలు బయటికి చాపి తడుముకుంటా పాకతది, నచ్చకపోతే మళ్ళీ ఈదుకుంటా పోద్ది. నచ్చితే ఎడమ చిప్పని కిందికి ఆనించి కాల్లో ఉన్న గ్రంథి నుంచి జిగురు వదుల్తది, అది నిమిషాల్లో గట్టిపడుద్ది, ఇంక చచ్చేదాకా అక్కడే. కొద్దిరోజుల్లో కాలూ కన్నూ రెండూ పోతాయి.

గుండ్లకమ్మ ఒడ్డు:
పెద్ద ఆల్చిప్పలు నీళ్ళలోకి వదిలే రసాయనాలు, చిప్పల మీద పట్టే సన్నటి బ్యాక్టీరియా పొర, ఇవే పిల్లల్ని లాగేది. పెద్దవి బతికాయంటే ఆ నీళ్ళు సరిపోయినట్టే గదా. పైగా ఇవి గుడ్లూ వీర్యమూ నీళ్ళలోకే వదుల్తాయి, దగ్గర దగ్గరగా లేకపోతే కలవనే కలవవు. కొత్త కర్రకి ఆ పొర పట్టాలి ముందు.

ఉప్పుటేరు కుర్రోడు:
అయితే దండలు ఇప్పుడే వేలాడదీసేస్తే?

గుండ్లకమ్మ ఒడ్డు:
మరీ ముందు వద్దు. పొర వేరు, బురద వేరు. ఒండ్రు పేరుకుంటే జిగురు పట్టదు, ఈలోపు బార్నకిల్స్ (రాళ్ళకీ పడవలకీ అతుక్కునే చిన్న గుల్ల జీవులు) వచ్చి చోటంతా ఆక్రమిస్తాయి. నాలుగు చిప్పలు వదిలి చూస్తా ఉండు, చుక్కల్లాంటి పిల్లలు కనపడగానే మిగతా దండలు దించు. తూత్తుకుడిలో సిఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు 1970ల్లోనే సున్నం పూసిన ఇంటికప్పు పెంకులు వాడారు, సున్నం పొర ఉంటే పిల్లల్ని తేలిగ్గా గీకి తీసుకోవచ్చు.

హేచరీ మనిషి, కావలి:
హేచరీలో, అంటే పిల్లల్ని పుట్టించి పెంచే చోట, ఇంకో పద్ధతుంది. చిప్పల్ని అర మిల్లీమీటర్ రవ్వలాగా పొడి చేసి వేస్తే ఒక్కో రవ్వకి ఒక్కో పిల్లే పడతది, విడివిడిగా పెరుగుద్ది, హోటళ్ళకి అదే కావాలి. రొయ్యల గుంటల్లోంచి బ్లీచింగ్ కలిపిన నీళ్ళు వదిలే కాలవ దగ్గర మాత్రం దండలు కట్టబాక తమ్ముడూ, పిల్లలు చచ్చిపోతాయి.