సమస్యాపూరణం: తఱుమువాఁడె నాకుఁ దగిన సఖుఁడు

పృచ్ఛకులు (సమస్య ఇచ్చినవారు): ఛందస్సు ఆటవెలది. సందర్భం, 1947 జూన్ 12న హాలీవుడ్‌లో డయల్ రికార్డు సంస్థకు డెక్స్‌టర్ గార్డన్, వార్డెల్ గ్రే టెనర్ శాక్సఫోన్‌లపై వంతులవారీగా పోటీపడి వాయించిన జాజ్ రచన ‘ద ఛేజ్’ (తరుము), లేదా ఆ కాలపు మరో టెనర్ శాక్సఫోన్ జంట. పేర్లతో జాగ్రత్త. ‘వార్డెల్’ అని పొల్లుతో ముగిస్తే రెండక్షరాలూ గురువులే. సూర్యగణాలే ఉన్న సరిపాదాల్లో రెండు గురువులు పక్కపక్కన పడవు. ఉకారం చేర్చుకోండి.

తుమ్మెద:
పదియు నాఱు బార్లు, పైన నెన్మిది, నాల్గు
తగ్గు కొలఁదిఁ బదును దాల్చుఁ బలుకు;
వెనుక వార్డెలుండ వెనుకంజ యెక్కడ?
తఱుమువాఁడె నాకుఁ దగిన సఖుఁడు.

లఘువు: గణాలు, యతులు నిర్దోషం. ‘వార్డెలుండ’ చక్కగా ఒదిగింది. మొదట వంతుకు 32 బార్లు (బారంటే మన ఆవర్తనం లాంటి తాళపు కొలత), అది పద్యంలోకి రాలేదు. పోనీ, కుదింపు తెలుస్తూనే ఉంది. మన కర్ణాటక కచేరీలో లయవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు కుదించుకుంటూ పోవడం లాంటిదే ఇది. నాలుగు బార్ల వంతుకొచ్చాక ఒక్క దెబ్బ అటు జరిగినా అవతలివాడి ఎత్తుగడ చెడుతుంది. నా అభ్యంతరం ‘వెనుకంజ’ మీద. తాళానికి కాస్త వెనక వాలి వాయించడమే డెక్స్‌టర్ అందం కదా!

తుమ్మెద: నేనన్నది జవాబివ్వడానికి జంకడం గురించండీ, లయ గురించి కాదు. మార్చను.

శ్రుతి: నాది మరో టెనర్ జంట. జీన్ అమన్స్ మాటగా, అతని జోడీ సనీ స్టిట్ గురించి:
నిండు నాద మొకటి నేనూఁదుచుండఁగా
స్టిట్టు పలుకు లెన్నొ గుప్పు వడిగ;
బద్ధకమ్ము వీడి బలమెక్కు నా శ్వాస
తఱుమువాఁడె నాకుఁ దగిన సఖుఁడు.

లఘువు: రెండో పాదంలో యతి తప్పింది, ‘స్టి’కి ‘గు’ చెల్లదు. ‘చిమ్ము వడిగ’ అంటే స-చ మైత్రితో సరిపోతుంది, అర్థమూ చెడదు. ‘బద్ధకమ్ము’ మాత్రం అన్యాయమండీ. 1950లో ప్రెస్టీజ్ రికార్డు సంస్థకు వాళ్లిద్దరూ వాయించిన ‘బ్లూస్ అప్ అండ్ డౌన్’ వినండి. స్టిట్ గుప్పించే చోట అమన్స్ తక్కువ స్వరాలతో, నిండైన నాదంతో నిలబడతాడు. అది ఎంపిక, సోమరితనం కాదు.

శ్రుతి: ఒప్పుకుంటున్నాను. సవరణ: ‘చిమ్ము వడిగ’, మూడో పాదం ‘బింక మింత పెరిగి బిగువెక్కు నా శ్వాస’.

పృచ్ఛకులు: ఇప్పుడు పద్యం నిలబడింది. 1956 నాటి ‘టెనర్ మ్యాడ్‌నెస్’ మీదా పూరించవచ్చు. సనీ రోలిన్స్, జాన్ కోల్ట్రేన్ కలిసి రికార్డు చేసింది అదొక్కటే. ‘రోలిన్సు’, ‘కోల్ట్రేను’ రెండూ తగణాలు (రెండు గురువులు, ఒక లఘువు). ఇంద్రగణాలు వచ్చే 1, 3 పాదాల చివరి రెండు గణాల్లోనే వాటికి చోటు.