గీతలు పడ్డ పింగాణీ కప్పులో కాఫీ తాగొచ్చా?

మాది అనంతపురం. ఇంట్లో ఇద్దరమే. ఇన్నాళ్లూ ఫిల్టర్ కాఫీ స్టీలు గ్లాసుల్లోనే తాగాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో పుదుచ్చేరి వెళ్లినప్పుడు చేత్తో చేసిన చిన్న కప్పులు రెండు తెచ్చుకున్నాను, ఒకటి నీలం, ఇంకొకటి మట్టి రంగు. ఒక్కోదాంట్లో 120 మిల్లీలీటర్లు పడుతుంది. నీలం కప్పు పిడి కింద చేసినవాళ్ల వేలిముద్ర ఇంకా చేతికి తగులుతుంది. పొద్దున్నే దాని మీద వేలు ఆనించి తాగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో!

ఇప్పుడు ఆ కప్పు లోపలే గ్లేజు (గాజులాంటి నున్నటి పూత) మీద సాలెగూడులా సన్నటి గీతలు పడ్డాయి. వాటిలోకి కాఫీ రంగు దిగింది, ఎంత తోమినా పోవడం లేదు. రాత్రంతా నీళ్లు పోసి పేపరు మీద పెడితే తెల్లారేసరికి అడుగున తడి మచ్చ కనిపించింది. 1200 డిగ్రీలు దాటి బాగా కాల్చిన స్టోన్‌వేర్ (గట్టి రకం మట్టిపాత్ర) నీళ్లు దాదాపు పీల్చదంటారు కదా, మరి ఇది సరిగా కాలలేదా? అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే "చేతిపని అంటే అంతే" అన్నారు.

దీంట్లో తాగడం ఆపేయాలా? పారేయడానికి మాత్రం మనసు రావడం లేదు.

ఇంకో నాలుగు కప్పులు కొనాలని ఉంది. గోడ మందంగా ఉంటే మొదట కాఫీ వేడిని కప్పే లాగేస్తోంది, అందుకే ముందు వేడినీళ్లు పోసి తిప్పి పారబోస్తున్నాను. పలచటివి తీసుకోవడం మేలా? గ్లేజులో సీసం లేదని షాపులో ఏమడిగి తెలుసుకోవాలి? వాడుతున్నవాళ్లు చెప్పండి.