‘అధిగమింపబడుచున్నప్పుడు’: ఎవరు ఎవరిని?

మా బామ్మర్ది మిర్యాలగూడలో రైస్ మిల్లు లారీ మీద రెండేండ్లుగా క్లీనర్. ఎప్పటికైనా స్టీరింగు పట్టాలని వాడి ఆశ. కానీ లారీ లైసెన్సు నేరుగా రాదు. వయసు 20 నిండాలి, ముందు కారు లైసెన్సు తీసుకోవాలి, దానికి ఏడాది దాటాలి. అందుకని ఇప్పుడు లెర్నింగ్ పరీక్షకు చదువుతున్నాడు. ఆదివారం జిరాక్సు ప్రశ్నల పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

గుర్తులన్నీ టకటకా చెప్పాడు. ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, తలకిందుల త్రికోణం దారి ఇవ్వమని, ఎనిమిది మూలలది ఆగమని. ఒక్క ప్రశ్న దగ్గర బండి ఆగింది: ‘మీ వాహనము అధిగమింపబడుచున్నప్పుడు మీరు వేగమును’... పెంచవలెనా, పెంచరాదా? వాడు ‘పెంచవలెను’ అని టిక్కు పెట్టాడు.

“అదేందిరా?” అన్నాను.

“బావా, సైడ్ కొట్టేటప్పుడు రేస్ ఇయ్యకపోతే ఎదురుంగ వచ్చేటోడు గుద్దడా?”

వాడు చెప్పింది తప్పు కాదు. అడగని ప్రశ్నకు జవాబు, అంతే. దాటేవాడు ఎవరు, దాటించుకునేవాడు ఎవరు అన్నది ఆ ‘బడు’ దగ్గర తారుమారైంది. మీరేమంటారు?

జడ్చర్ల నుంచి, తెలుగు టీచరు:
‘బడు’ మనకు కొత్తేమీ కాదు సార్. ‘ఇచ్చట ఎరువులు అమ్మబడును’ అన్న బోర్డు చదివి ఎవరైనా తికమక పడ్డారా? ఎరువులు అమ్ముకోవు కాబట్టి అక్కడ అనుమానానికి చోటు లేదు. రోడ్డు మీద రెండు బండ్లూ కదిలేవే, దేనినైనా ఏదైనా దాటొచ్చు. అప్పుడు మొత్తం బరువు ఆ రెండక్షరాల మీదే పడుతుంది. నోటితో మాట్లాడేటప్పుడు మనం ఇలాంటి వాక్యం కట్టనే కట్టం. ‘దొంగ పట్టుబడ్డాడు’ అంటాం, ‘మాట పడ్డాడు’ అంటాం, ‘దెబ్బలు తిన్నాడు’ అంటాం. ‘దాటబడ్డాడు’ అని విన్నారా ఎక్కడన్నా?

ఇక ‘అధిగమించు’లో నాకు ఇంకో ఇబ్బంది ఉంది. సంస్కృతంలో అధిగమం అంటే పొందడం, తెలుసుకోవడం. తెలుగు పేపర్లలో కష్టాలను అధిగమిస్తాం, ధాన్యం కొనుగోళ్లు లక్ష్యాన్ని అధిగమిస్తాయి. అంతా మెచ్చుకోలే. మలుపులో ముందు బండిని దాటేవాడికి అంత గౌరవం ఎందుకు?

సూర్యాపేట నుంచి, డ్రైవరు:
65 నంబరు హైవే మీద 18 ఏండ్లు నడిపిన, ‘అధిగమించుడు’ ఎవరి నోటా వినలే. మాది ‘సైడ్’. సైడ్ ఇచ్చుడు వేరు, తీసుకొనుడు వేరు, కొట్టుడు వేరు. హారన్ కొట్టి, ముందటోడు చెయ్యి ఊపినంక పోతే తీసుకున్నట్టు. అడగకుండ దూరితే కొట్టినట్టు. పుస్తకం ఈ తేడా ఒక్క మాటల చెప్తదా? ఘాట్ సంగతి కూడ అంతే. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డెక్కినంక, ఇరుకు తావున ఎక్కేటోనికి దిగేటోడు సైడ్ ఇయ్యాలె. లోడుతోటి సగం ఎక్కుట్ల ఆగితే మళ్ల బండి లేవదు. ‘ఆరోహణ వాహనమునకు ప్రాధాన్యత’ అని రాస్తే మా క్లీనర్‌కు తలకాయ తిరుగుతది.

నల్లగొండ నుంచి:
‘సైడ్’ ఇంగ్లీషు కదన్నా, పరీక్షలో ఎట్లా రాస్తారు?

మొదట రాసినవారు:
‘లైసెన్సు’ రాసినట్టే. అయినా ‘సైడ్’ పెట్టమని నేను అడగను, కర్త కనిపిస్తే చాలు. ‘వెనక బండి మిమ్మల్ని దాటుతుంటే మీరు వేగం పెంచకూడదు.’ 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనూ ఉన్న సంగతే ఇది. 2019లో లారీ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నియమం తీసేశారు. బడి తక్కువ చదివినవాళ్లకు తలుపు తీశాక గడప మీద ఈ వాక్యం ఎందుకు?

టీచరు గారూ, మీరు చెప్పిన ఎరువుల బోర్డు వాడికి వినిపించాను. నవ్వి, పుస్తకంలో ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాడు: ‘ఎనకోడు సైడ్ అడుగుతుండు. రేస్ వద్దు.’