ఉదయగిరి కొండల అంచున గ్రావెల్ దారుల మీద సైకిలు: శరత్తులో ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

ప్రశ్న – నెల్లూరు నుంచి

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా నేను నెల్లూరు నుంచి మైపాడు సముద్రతీరం దాకా తారురోడ్డు మీద సైకిలు తొక్కుతున్నాను. ఈ వేసవిలో ఒక గ్రావెల్ సైకిలు, అంటే కంకర, మట్టి దారుల మీద తొక్కే సైకిలు, కొన్నాను. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో 1997లో మొదలై, అక్టోబరులో తెల్లటి కంకర దారుల మీద పాతకాలపు సైకిళ్ళతో సాగే ఎరోయికా యాత్ర ఫొటోలు చూసినప్పటి నుంచి, అలాంటి కొండదారి మన జిల్లాలో ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ ఉన్నాను. చివరికి నా చూపు పడమట వెలిగొండల మీద, ముఖ్యంగా ఉదయగిరి, సీతారామపురం మండలాల మీద నిలిచింది.

దసరా సెలవుల్లో రెండు రోజులు అక్కడ ఉండి, రోజుకు అరవై కిలోమీటర్ల చొప్పున కొండ అంచు పల్లెలను కలిపే గ్రావెల్ బాటల మీద తిరగాలని నా కోరిక. ఎండలు తగ్గి ఆకాశం తేటపడే శరత్తే ఇందుకు తగిన కాలమని అనుకుంటున్నాను. నా బరువు 72 కిలోలు. టైర్లు 40 మి.మీ. వెడల్పువి, లోపల ట్యూబులు ఉన్నాయి. ముందు 40 పళ్ళ చక్రం, వెనుక 11 నుంచి 42 పళ్ళ దాకా ఉన్న గేర్లు. ఇంతవరకు కొండ ఎక్కింది లేదు, దిగింది అంతకన్నా లేదు. కాలం, టైర్లు, అడవి నియమాలు, ఈ మూడింటి గురించి ఆ దారులు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం – ఆత్మకూరు నుంచి

ముందుగా కాలం సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు అడిగిన మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీకాలు శరత్తే అయినా, మన జిల్లాలో ఆ రెండు నెలలూ ఈశాన్య రుతుపవనాలవి. ఏడాది మొత్తం మీద నెల్లూరు జిల్లాలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. పడమటి మండలాలకు వచ్చేసరికి కోస్తాలో ఉన్నంత జోరు ఉండదు గాని, వాయుగుండం పట్టిందంటే ఆ తేడా కూడా మిగలదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద జాతీయ రహదారినే తెంచిందన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని రైతులు అనే మాట సైకిలు మీద వెళ్ళేవాడికి అక్షరాలా వర్తిస్తుంది. వింజమూరులో చొక్కా ఆరేసుకునేంత ఎండ కాస్తుండగా ఉదయగిరి దుర్గం మీద కుండపోతగా కురవడం నేను రెండు మూడుసార్లు చూశాను.

అలాగని వానలంటే భయపడి వేసవికి వాయిదా వేయవద్దు. గ్రావెల్ దారికి ప్రాణం తేమలోనే ఉంది. మన వైపు రోడ్డు మీద పరిచే గ్రావెల్‌లో చిన్న రాళ్ళతో పాటు ఎర్రటి జిగురుమన్ను కలిసి ఉంటుంది. కొద్దిపాటి తేమ ఉన్నంతకాలం ఆ మన్ను రాళ్ళను పట్టి ఉంచుతుంది, దారి సిమెంటు గచ్చులాగా గట్టిగా ఉండి టైరును జారనివ్వదు. మాఘం దాటి ఎండలు ముదిరాక అదే మన్ను పిండి పిండిగా రేగి, ట్రాక్టర్ల వెనుక దుమ్ముగా లేచిపోతుంది, మిగిలిన రాళ్ళు విడివడి నేల మీద బఠాణీల్లా దొర్లుతాయి. వాన మరీ ఎక్కువైతే మన్ను బురదగా మారి, చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని, సైకిలును భుజాన మోయవలసి వస్తుంది. నల్లరేగడి తగిలిన చోట ఈ బాధ ఇంకా ఎక్కువ. కాబట్టి మీరు వెతకవలసింది తేదీని కాదు, వాన వెలిసిన తరువాత మూడో రోజు నుంచి పదో రోజు దాకా వచ్చే ఆ కొద్ది వ్యవధిని. అది దసరాకు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. కార్తీకం చివరి వారం నుంచి మార్గశిరం పూర్తయ్యే వరకు అయితే దొరికే అవకాశం చాలా ఎక్కువ. సెలవు ముందే ఖాయం చేసుకోకుండా, వాతావరణ సూచన చూసి బయలుదేరగలిగే వారాంతాన్ని ఎంచుకోండి.

మరొక మాట. శరత్తు అనగానే రంగు మారి రాలే ఆకులను ఊహించుకుని రావద్దు. మన అడవి ఆకు రాల్చేది శిశిరంలో. కార్తీకంలో కొండలు పూర్తి పచ్చగా ఉంటాయి, చెరువులు నిండి ఉంటాయి, బాట పక్కన తంగేడు పసుపుగానూ వాగుల్లో రెల్లు తెల్లగానూ పూసి ఉంటుంది. నా వరకు నాకు ఏ విదేశీ ఫొటో కన్నా ఇదే ఎక్కువ అందంగా కనిపిస్తుంది.

రెండవ సమాధానం – ఒంగోలు నుంచి

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, టైర్ల గురించి రాస్తున్నాను. నేను ఆరేళ్ళుగా కనిగిరి, పామూరు, సి.ఎస్.పురం వైపు గ్రావెల్ దారుల మీద తిరుగుతున్న స్త్రీని. మొదటి రెండేళ్ళు పంక్చర్లతోనే గడిచాయి.

మీరు ట్యూబులతో రావద్దు. వానలకు బాట పక్కన నేలబారుగా పాకిన పల్లేరు, కార్తీకం నాటికి కాయలు ఎండి, ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలబడే విధంగా తయారై ఉంటుంది. దానికి తోడు కంపచెట్ల ముళ్ళు. పొలం కంచెలకు నరికి వేసిన కంప ఎండి దారి మీదికి చేరితే, ఆ ముల్లు టైరును నిలువునా గుచ్చుకుపోతుంది. ఒక ఉదయం పామూరు దగ్గర గంటలో నాలుగు సార్లు ట్యూబుకు అతుకు వేశాక, మిగిలిన దారి నడిచి వచ్చాను. ఆ తరువాత ట్యూబ్‌లెస్‌కు మారాను. టైరు లోపల పోసే పాలవంటి ద్రవం పల్లేరు చేసే సన్నటి రంధ్రాన్ని చక్రం రెండు చుట్లు తిరిగేలోపే మూసేస్తుంది. గుచ్చుకున్న కాయను దారిలో పీకవద్దు. ఇంటికి వచ్చాక తీరికగా తీసుకోండి. మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది కనుక, బయలుదేరే ముందు వాల్వు తీసి కొత్తది పోసుకోవడం మరచిపోకండి.

ముళ్ళ కన్నా ప్రమాదకరమైనవి పలుగురాళ్ళు. వెలిగొండల అడుగున తెల్లగా మెరుస్తూ కనిపించే ఈ రాయి విరిగిన చోట గాజుపెంకులా పదునుగా ఉంటుంది, టైరు పక్కభాగాన్ని కోసేస్తుంది. ఆ కోతను ఏ ద్రవమూ మూయలేదు. నాకు ఒకసారి చిటికెన వేలి గోరంత కోత పడింది. సంచిలో ఉన్న పాల ప్యాకెట్టు కవరును కడిగి, నాలుగు మడతలు పెట్టి, కోతకు లోపలి వైపున ఆనించి, దాని మీద విడి ట్యూబు వేసి తక్కువ గాలి పెట్టుకుంటే ముప్పై కిలోమీటర్లు వచ్చింది. అందువల్ల ట్యూబ్‌లెస్ అయినా ఒక విడి ట్యూబు, పాత టైరు నుంచి కోసుకున్న అరచేతి పొడవు ముక్క, చేతిపంపు తప్పకుండా పెట్టుకోండి. నాకు మొదట సైకిలు అమ్మినవారు గాలి ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని చెప్పి పంపారు. గ్రావెల్ మీద అది పూర్తిగా తప్పు. బిగుసుకున్న టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడుతుంది, పట్టు వదిలేస్తుంది. మీ బరువుకు 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరులో ముందు 30, వెనుక 33 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టి, రిమ్ము రాయికి తగలనంత వరకు ఒక్కొక్క పాయింటు తగ్గిస్తూ మీకు సరిపడేది తెలుసుకోండి.

మీ గేర్లు చాలు. ముందు 40, వెనుక 42 అంటే తొక్కుడు ఒక చుట్టు తిరిగితే చక్రం చుట్టు కన్నా కొంచెం తక్కువే తిరుగుతుంది. నిటారు మెట్టల మీద అంతకన్నా తేలిక అవసరం పడదు. ఎక్కేటప్పుడు లేచి నిలబడితే వెనుక చక్రం మీద బరువు తగ్గి అది అక్కడే తిరుగుతుంది కాబట్టి, సీటు మీదే కూర్చుని, ముందుకు కాస్త వంగి తొక్కండి.

అసలు నేర్చుకోవలసింది దిగడం. మలుపులోకి వెళ్ళాక బ్రేకు పట్టుకున్నవాడు పడతాడు. మలుపుకు ముందే, సైకిలు నిలువుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి; చేతులు హ్యాండిలు కింది వంపులో ఉండాలి, మోచేతులు వదులుగా ఉండాలి, నడుము సీటుకు కొద్దిగా వెనక్కి జరగాలి, చూపు చక్రం ముందున్న రాయి మీద కాక బయటపడవలసిన దారి మీద ఉండాలి. ట్రాక్టరు చక్రాల జాడలు గట్టిపడి ఉంటాయి. వాటి మధ్య మిట్ట మీదా అంచులలోనూ విడి రాళ్ళు పేరుకుని ఉంటాయి. ఒక జాడ నుంచి మరొక జాడకు మారాలంటే దిగుడులో కాక, చదునైన చోట మారండి. నెల్లూరు పక్కనే నరసింహకొండ ఉంది కదా, రద్దీ లేని రోజున అక్కడ నాలుగు వారాలు ఎక్కి దిగండి. ఎక్కడానికి కావలసిన కాలి బలం మాత్రం, సాయంత్రం సముద్రపు గాలికి ఎదురుగా మైపాడు వైపు తొక్కితే మీకు రోజూ దొరుకుతుంది.

మూడవ సమాధానం – ఉదయగిరి ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు

సైకిళ్ళ సాంకేతికత నాకు తెలియదు. ఈ కొండల కింద పుట్టి పెరిగినవాడిగా రెండు మూడు విషయాలు మాత్రం చెప్పగలను.

పల్లె నుంచి పల్లెకు పోయే బాట మీద మిమ్మల్ని ఎవరూ ఆపరు. అడవి హద్దు రాయి దాటితే సంగతి వేరు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. పైగా వెలిగొండలు ఎర్రచందనం పెరిగే చోటు. ఆ చెట్టు కోసం జరిగే దొంగరవాణా వల్ల అటవీ సిబ్బంది తెల్లవారుజామున సంచులతో తిరిగే కొత్తవారిని అనుమానించడంలో తప్పు లేదు. ముందురోజే రేంజి కార్యాలయానికి వెళ్ళి, ఏ దారిన వెళ్ళాలనుకుంటున్నారో చెప్పి, వారు వద్దన్న బాటను వదిలేయండి. గుడికి పోయే దారి కదా అని ఘటిక సిద్ధేశ్వరం వైపు కూడా చీకటిలో వెళ్ళవద్దు. ఇక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి. సీతాఫలాలు పండే ఈ రోజుల్లో కాయలు కోసుకోవడానికి వెళ్ళే మావాళ్ళు కూడా గుంపుగానే, మాట్లాడుకుంటూ వెళతారు.

కొండలు మాకు పడమట ఉన్నాయి. నెల్లూరులో నవంబరులో అయిదున్నర దాటాక సూర్యుడు అస్తమిస్తాడు గాని, కొండ అంచున అంతకు చాలా ముందే సూర్యుడు దుర్గం వెనక్కి వెళ్ళిపోతాడు. నీడ పడిన గ్రావెల్ మీద గుంతకూ రాయికీ తేడా తెలియదు. నాలుగు గంటలకల్లా తారురోడ్డుకు చేరుకునే విధంగా లెక్క వేసుకోండి.

ఉదయగిరి దుర్గం ఎత్తు 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతి నుంచి దీన్ని 1514లో గెలుచుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి చేయవలసి వచ్చింది. ఒక్కొక్క మనిషి మాత్రమే నడవగలిగినంత ఇరుకు దారిని ఆయన వెడల్పు చేయించి, కోటను సమీపించడానికి ఇంకా అనేక దారులు వేయించాడని పోర్చుగీసువాడైన నూనిజ్ రాశాడు. దారి వేయడమే యుద్ధమైన ఊరు ఇది. మీరు సైకిలును కింద వదిలి, ఒక పూట కాలినడకన కోట ఎక్కితే నేను సంతోషిస్తాను.

నెల్లూరు నుంచి మళ్ళీ

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. దసరా ఆలోచన మానుకుని మార్గశిరానికి మార్చుకున్నాను. మాష్టారు గారికి ఒక సందేహం: చప్టాల మీద నీరు పారుతూ ఉంటే సైకిలు మోసుకుని దాటవచ్చా?

విశ్రాంత ఉపాధ్యాయుడు

దాటవద్దు. కొండ మీద వాన ఆగిన తరువాత కూడా వాగు పెరుగుతుంది, మోకాలి లోతు ప్రవాహం మనిషిని పడగొడుతుంది. నీరు తీసిన చప్టా మీద కూడా పాచి ఉంటుంది; దిగి నడిపించుకుని వెళ్ళండి.

నెల్లూరు నుంచి – ఏడు వారాల తరువాత

వెళ్ళి వచ్చాను. వాన వెలిసిన అయిదో రోజున ఉదయగిరి చేరుకుని, మొదటి రోజు 52 కిలోమీటర్లు, రెండవ రోజు కోట ఎక్కిన తరువాత 31 కిలోమీటర్లు తొక్కాను. అనుకున్న అరవై కాలేదు, ఎందుకంటే తారు మీద గంటకు ఇరవై రెండు వచ్చే నాకు ఇక్కడ పన్నెండు దాటలేదు. ఆత్మకూరు వారు చెప్పిన ఆ గట్టి ఎర్రనేల టైరు కింద ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది: నిశ్శబ్దంగా ఉంది, చిన్న రాయి నొక్కుకుని పక్కకు జరిగినప్పుడు మాత్రమే టిక్కుమని వినిపించింది. సీతారామపురం దారికి పక్కన ఒక చిన్న చెరువు కట్ట మీద నుంచి దిగేటప్పుడు, మలుపులో చేయి దానంతట అదే బ్రేకు మీదికి పోయింది, ముందు చక్రం జానెడు జారింది. పడలేదు. అక్కడే ఆగి, వెనక్కి ఎక్కి, అదే మలుపును మూడుసార్లు దిగాను.

రెండవ రోజు సాయంత్రం మూడు ముప్పావుకే నీడ నా మీదికి వచ్చింది. మాష్టారు గారి లెక్క లేకపోతే నేను అప్పుడు ఇంకా కొండ అంచునే ఉండేవాడిని. ఇంటికి వచ్చి చక్రాలు తిప్పుతూ వెదికితే రెండు టైర్లలో కలిపి పదకొండు పల్లేరుకాయలు దొరికాయి. ఒక్కొక్కటి పీకినప్పుడు తెల్లటి చుక్క బయటికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. 30తో బయలుదేరిన ముందు టైరు 27 దగ్గర ఉంది.

ఒంగోలు వారికి ఒక విన్నపం. భైరవకోన వైపు మీరు ఈ నెలలో వెళుతున్నట్లయితే ఏ రోజున బయలుదేరతారో చెప్పండి, నేను పామూరులో వచ్చి కలుసుకుంటాను.