వియత్నామీస్ ‘బి’ మన ‘బడు’ లాంటిదేనా?

ప్రశ్న: ఇంగ్లిష్ ‘వాజ్ పనిష్డ్’ లాంటి వాక్యాలకు వియత్నామీస్‌లో ‘బి’ అనే మాట వాడతారట. అంటే అది ‘కొట్టబడు’లోని మన ‘బడు’ లాగా కర్మణి (ప్యాసివ్) ప్రత్యయమేనా?

జవాబు: ప్రత్యయం కాదండీ, విడి క్రియ అనే నేనంటాను. ‘నామ్ బి థెయ్ ఫాత్’ (అక్కడి స్వరాలు, అంటే టోన్లు, తెలుగు లిపిలో రావు, మన్నించాలి). వరసగా చూస్తే నామ్ (మనిషి పేరు), బి, మాస్టారు, శిక్షించు. మాస్టారి చేత శిక్ష పడింది నామ్‌కి. ‘చేత’కు సాటి మాట అక్కడ లేదు, ‘శిక్షించు’ రూపమూ మారలేదు. ‘మాస్టారు శిక్షించు’ అనే చిన్న వాక్యాన్ని ‘బి’ తన వెనక కట్టుకుంది, అంతే.

ఇంగ్లిష్ దారి వేరు. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ 1981 నాటి వివరణ ప్రకారం కర్మణి రూపంలోకి మారిన క్రియ తన కర్మకు విభక్తిని (వాక్యంలో నామవాచకం పాత్రను చూపే గుర్తును) ఇవ్వజాలదు. ఆ విభక్తి కోసం కర్మ లేచి కర్త చోటికి వెళ్తుంది. అందుకే అక్కడ క్రియ తరువాత ఇంకో కర్మ మామూలుగా మిగలదు. వియత్నామీస్‌లో మిగులుతుంది: ‘వాడు, బి, దొంగ, ఎత్తుకుపోవు, బండి’. బండి కదల్లేదు, పోగొట్టుకున్నవాడు మాత్రం ముందుకొచ్చాడు. ‘తోయ్ బి ఓమ్’ అంటే నాకు జబ్బు చేసింది. ఇందులో కర్మే లేదు, ఇక కర్మణి ఎక్కడిది?

ప్రశ్న: మరి మంచి జరిగితే?

జవాబు: అప్పుడు ‘డుఅక్’. మెచ్చుకోలుకు డుఅక్, తిట్లకు బి. ‘ఎంపిక’కు రెండూ కుదురుతాయి, ఎంపికైనవాడి మొహం ఎలా ఉందన్నదాన్ని బట్టి. మనవాళ్లు ‘ఎలక్షన్ డ్యూటీ పడింది’ అంటారే, అది బి కిందికే వస్తుంది!

ఇంకొకరి ప్రశ్న: కానీ మాస్టారి వాక్యంలో ‘ఎవర్ని’ అన్న చోటు ఖాళీగా ఉందిగా? అక్కడ నామ్‌నే ఊహించుకోవాలి. అదీ కర్మణి లక్షణమే కదండీ?

జవాబు: ఒప్పుకుంటున్నా, నా వాదనకు అదే చిక్కు. చైనీస్‌లో ఇలాంటి మాటే అయిన ‘బెయ్’ వాక్యాల్లోనూ ఈ ఖాళీ మీదే పెద్ద చర్చ. వియత్నామీస్ ‘బి’ కూడా అక్కడి నుంచి వచ్చిన మాటే. అయితే మన ‘బడు’ కూడా పుట్టుకతో ‘పడు’ క్రియే కదా: చెప్పన్ + పడు. మనది క్రియకు అతుక్కుపోయింది, వాళ్లది విడిగా నిలిచింది. ‘కొట్టబడ్డాడు’ అని ఇంట్లో ఎవరంటారు? ‘దెబ్బలు తిన్నాడు’ అంటాం. వియత్నామీస్‌లో ‘అన్ డోన్’ అంటారు. ‘అన్’ అంటే తిను, ‘డోన్’ అంటే దెబ్బ.